ఏడు నిమిషాలు కదలకుండా: జూలియా మార్గరెట్ కామెరాన్

ఇంగ్లండుకు దక్షిణాన ఐల్ ఆఫ్ వైట్ అని ఒక చిన్న దీవి. అందులో ఫ్రెష్‌వాటర్ అనే ఊరు. 1864 జనవరి. అంతకుముందు కోళ్లు ఉన్న షెడ్డుకి గాజులు బిగించి స్టూడియో అని పేరు పెట్టారు. అందులో ఒక పెద్ద కెమెరా, దాని ముందు ఇద్దరు పిల్లలు. ఫోటో సగం పడింది, అంటే నిమిషాలు గడుస్తున్నాయి అన్నమాట. అంతలో ఒక పిల్లకి నవ్వాగలేదు. కిసుక్కుమంది. ఫోటో పోయింది.

ఆ తర్వాత ఆవిడ ఆశ కొంచెం తగ్గించుకుని ఒక్క పిల్లనే కూర్చోబెట్టింది. పేరు యానీ ఫిల్‌పాట్. బెదిరించలేదు, మిఠాయి ఇస్తానని ఆశ పెట్టలేదు. నువ్వు కదిలితే నా మందులూ పోతాయి, నా కష్టమూ పోతుంది తల్లీ అనే అర్థం వచ్చేటట్టు జాలిగా చెప్పుకుంది. పిల్ల కదలలేదు. ఆ ఫోటో వచ్చింది. ఆనందం పట్టలేక ఆవిడ ఇల్లంతా తిరిగింది. అదే రోజు ప్రింటు వేసి, ఫ్రేము కట్టించి, సాయంత్రానికల్లా ఆ పిల్ల తండ్రికి కానుకగా ఇచ్చేసింది. ఇది నా మొదటి విజయం అని ఆ బొమ్మకి పేరు పెట్టుకుంది. అప్పటికి ఆవిడ వయసు 48 ఏళ్లు.

ఆవిడే జూలియా మార్గరెట్ కామెరాన్. పోర్ట్రెయిట్ ఫోటోగ్రఫీ అనగానే ప్రపంచంలో ఎవరైనా మొదట చెప్పే నాలుగైదు పేర్లలో ఈ పేరు ఉంటుంది. అయితే ఈమెని పూర్తిగా ఇంగ్లండు మనిషి అనడానికి లేదు.

1815 జూన్ 11న కలకత్తాలో పుట్టింది. తండ్రి జేమ్స్ పాటిల్ ఈస్టిండియా కంపెనీ ఉద్యోగి. తల్లి వైపు వాళ్లు ఫ్రెంచివాళ్లు, అమ్మమ్మ పుట్టింది పుదుచ్చేరిలో. యానాం నుంచి వచ్చిన మన క్లాసు వాళ్లకి ఈ సంగతి సరదాగా ఉంటుందని ఇక్కడ రాస్తున్నాను. పాటిల్ గారి ఆడపిల్లలు ఏడుగురూ కలకత్తాలో పేరు మోసినవాళ్లు. ఆరుగురిని అందగత్తెలన్నారు. జూలియాని మాత్రం తెలివిగలది అన్నారు. ఆ రోజుల్లో ఆడపిల్లని తెలివిగలది అని ఊరుకున్నారంటే మిగతాది మనం అర్థం చేసుకోవచ్చు. తర్వాత జీవితమంతా ఆవిడ అందం వెంట పడిందంటే దానికి ఇది కూడా ఒక కారణం కావచ్చునని నాకనిపిస్తుంది.

చదువు ఫ్రాన్సులో, అమ్మమ్మ దగ్గర. 1836లో ఒంట్లో బాగాలేక గాలి మార్పు కోసం దక్షిణాఫ్రికాలోని కేప్‌కి వెళ్తే అక్కడ ఇద్దరు పరిచయమయ్యారు. ఒకరు జాన్ హెర్షెల్, పెద్ద ఖగోళ శాస్త్రవేత్త. దక్షిణ ఆకాశంలోని నక్షత్రాలను లెక్కకట్టడానికి అక్కడికి వచ్చాడు. ఫోటో మీద బొమ్మ చెరిగిపోకుండా నిలబెట్టే హైపో అనే రసాయనం గుణం కనిపెట్టింది ఆయనే. ఫోటోల విషయంలో నెగెటివ్, పాజిటివ్ అనే మాటలు తెచ్చింది కూడా ఆయనే. రెండో మనిషి చార్లెస్ హే కామెరాన్, ఆవిడకంటే ఇరవై ఏళ్లు పెద్ద. 1838లో కలకత్తాలో ఆయన్నే పెళ్లి చేసుకుంది. ఈ చార్లెస్ గారు మెకాలేతో పాటు లా కమిషన్‌లో కూర్చున్నవాడు. మొన్నమొన్నటి దాకా మన దేశంలో నడిచిన ఇండియన్ పీనల్ కోడ్ ముసాయిదాలో ఆయన చెయ్యి కూడా ఉంది.

1848లో కుటుంబం ఇంగ్లండుకి మారింది. ఆరుగురు సొంత పిల్లలు, దిక్కులేని పిల్లల్ని తెచ్చి పెంచడం, వచ్చేపోయే చుట్టాలు, ఉత్తరాలు. 1860లో ఫ్రెష్‌వాటర్‌లో పక్కపక్కనున్న రెండిళ్లు కొని, సిలోన్‌లో తమకున్న కాఫీ తోట పేరే వాటికీ పెట్టారు: డింబోలా. పొరుగునే మహాకవి టెన్నిసన్ ఇల్లు. 1863 చివరికి భర్త తోటల పని మీద సిలోన్‌లో ఉన్నాడు, ఒక్కతే కూతురికి పెళ్లయిపోయింది, కొడుకులు చదువులకి పోయారు. ఇల్లు బోసిపోయింది. అమ్మకి పొద్దుపోవడానికని కూతురూ అల్లుడూ కలిసి ఒక కెమెరా బహుమతిగా ఇచ్చారు.

బొగ్గుల కొట్టు డార్క్‌రూమ్ అయింది. కోళ్ల షెడ్డు స్టూడియో అయింది. మొదట కూర్చోబెట్టింది ఆ ఊరి రైతుని. ఊరికే కాదు, గంటకి అరక్రౌను కూలి ఇచ్చి. ఆ మొదటి బొమ్మ మీద ఆవిడే పొరపాటున చెయ్యి రాసి చెరిపేసింది.

ఇక్కడ కొంచెం ఆగి అప్పటి ఫోటో పని ఎంత చాకిరీయో చెప్పాలి. లేకపోతే ఈ కథ సగమే అర్థమవుతుంది. గాజు పలక తీసుకుని శుభ్రంగా తుడవాలి. దాని మీద కొలోడియన్ అనే జిగురులాంటి ద్రవం పోసి, పలకని నాలుగు మూలలకీ వంచుతూ సమంగా పరిపించాలి. సిల్వర్ నైట్రేట్ నీళ్లలో ముంచాలి. అది తడి ఆరకుండానే కెమెరాలో పెట్టి ఫోటో తియ్యాలి, తడి ఆరకుండానే చీకటి గదికి పరిగెత్తి బొమ్మ తేల్చాలి. తర్వాత పొటాషియం సైనైడ్‌తో కడగాలి. అవును, అదే సైనైడ్. ఆపైన బక్కెట్లకి బక్కెట్ల నీళ్లు. గుడ్డు తెల్లసొన పూసిన కాగితం మీద ఎండలో ప్రింటు. ఆవిడ చేతులు, బట్టలు, ఇంట్లో దుప్పట్లు ఎప్పుడూ నల్ల మచ్చలతోనే ఉండేవి. సిల్వర్ నైట్రేట్ మచ్చ సబ్బుకి పోదు. కెమిస్ట్రీ డిపార్ట్‌మెంట్‌లో మన స్నేహితురాళ్లని అడగండి.

అప్పట్లో ఊళ్లలో స్టూడియోలు లేకపోలేదు, చాలానే ఉండేవి. విజిటింగ్ కార్డంత ఫోటోలకి గొప్ప గిరాకీ. అందులో మనిషి కాళ్ల దగ్గర్నుంచి తల దాకా కనపడాలి. వెనక రంగులేసిన తెర, ఒక స్తంభం, ఒక కుర్చీ. మన ఇళ్లలో తాతమ్మల కాలం ఫోటోల్లో తోట బొమ్మ ఉన్న తెర చూశాం కదా, ఆ పద్ధతే. తల కదలకుండా మెడ వెనక ఇనప ఊత ఒకటి. వెలుతురు నాలుగు వైపుల నుంచీ సమానంగా. అందుకే ఆ ఫోటోల్లో మనుషులందరూ ఒకే మనిషిలాగా ఉంటారు.

కామెరాన్ ఇదంతా పక్కన పెట్టేసింది. కెమెరాని ముఖానికి దగ్గరగా తెచ్చింది. కిటికీలకి తెరలు దించి ఒక్కవైపు నుంచి, లేదా పైనుంచి మాత్రమే వెలుతురు రానిచ్చింది. సూటూ బూటూ, లేసులూ, నగలూ కనపడకుండా మనిషికి నల్ల శాలువా చుట్టేది. అప్పుడిక చూసేవాళ్ల కంటికి వేరే దిక్కు లేదు, ముఖమే మిగులుతుంది. మెడ వెనక ఊత లేదు. నవ్వమని అనదు. మూడు నిమిషాల నుంచి ఏడు నిమిషాల దాకా అలా ఉండిపోవాలంతే. 1866లో ఇంకా పెద్ద కెమెరా కొన్నది. దాని గాజు పలక 15 అంగుళాలు, 12 అంగుళాలు. ముఖం దాదాపు నిజం ముఖమంత పడుతుంది.

మనం సెల్‌ఫోన్‌లో ఒక సెకండుకి పది తీసుకునేవాళ్లం. ఒకసారి అద్దం ముందు ఏడు నిమిషాలు కదలకుండా కూర్చుని చూడండి. మొదటి నిమిషం మనం ఎలా కనపడాలనుకుంటామో ఆ ముఖం ఉంటుంది. రెండో నిమిషానికి అది జారిపోతుంది. ఆ తర్వాత వచ్చే ముఖం మనది. కామెరాన్ ఫోటోల రహస్యం లెన్సులో కంటే ఈ కూర్చోవడంలోనే ఎక్కువ ఉందని నా అభిప్రాయం.

1867లో హెర్షెల్‌ని ఫోటో తియ్యాలని సామాను మొత్తం మూట కట్టుకుని కెంట్‌లో ఆయన ఇంటికే వెళ్లింది. అప్పటికి ఆయనకి 75 ఏళ్లు. తలంటుకుని రమ్మని పంపిందట. నెరిసిన జుట్టు పొడిగా, దూదిలాగా లేచి నిలబడితే దాని మీద పైనుంచి వెలుతురు పడనిచ్చింది. నల్లటి చీకట్లోంచి ఒక తల, తడిగా మెరిసే రెండు కళ్లు. జీవితమంతా ఆకాశం వైపు చూసిన మనిషి అని ఎవరూ చెప్పకుండానే తెలిసిపోతుంది. అదే ఏడు చరిత్రకారుడు కార్లైల్ కూర్చున్నాడు. ఆయన కదిలాడు. బొమ్మ మసకబారింది. ఇంకొకరైతే ఆ పలక పగలగొట్టేవారు. ఈవిడ దాచింది. ఆ మసకలో కార్లైల్ ఇప్పటికీ ఏదో కోపంగా ఆలోచిస్తున్నట్టే ఉంటాడు. 1868 వేసవిలో డార్విన్ కుటుంబం ఫ్రెష్‌వాటర్‌లో వీళ్ల ఇంట్లోనే అద్దెకి దిగితే ఆయన్నీ వదల్లేదు. తన ఫోటోలన్నిట్లో డార్విన్‌కి నచ్చింది అదే.

అయితే ఆవిడ ముందు కూర్చోవడం సుఖమైన పని కాదు. చుట్టాల పిల్ల లారా గర్నీకి వీపున హంస రెక్కలు కట్టి దేవదూతని చేసింది. ఆ దేవదూతల ముఖాల్లో అంత దిగులెందుకని అడిగేవాళ్లకి ఆ పిల్ల పెద్దయ్యాక తన జ్ఞాపకాల్లో జవాబు రాసుకుంది. చుట్టూ మందుల వాసనతో హడావిడిగా తిరిగే ఆ పెద్దావిడని చూస్తే పిల్లలకి భయం. ఒకామెకి రాణి వేషం వేస్తే నెత్తి మీద కిరీటం పెద్దదైపోయి, నిమిషం నిమిషానికీ కిందికి జారుతూ ఉంటే కదలకుండా భరించవలసి వచ్చింది. భర్త చార్లెస్‌కి తెల్లగడ్డం ఉంది కాబట్టి మంత్రగాడు మెర్లిన్ వేషం ఇచ్చారు. చెట్టు తొర్రలో నిలబడ్డాక ఆయనకి నవ్వు ఆగేది కాదు. చెట్టంతా ఊగి పలక తర్వాత పలక పాడైంది. ఆయన మీద మాత్రం ఆవిడకి కోపం వచ్చేది కాదు.

ఆ మెర్లిన్ బొమ్మ టెన్నిసన్ అడిగిన పని. తన ఆర్థరు రాజు కథాకావ్యానికి బొమ్మలు కావాలన్నాడాయన. వందకు పైగా నెగెటివ్‌లు తీసింది. ప్రచురణకర్తలు వాటిని చిన్న చెక్కపలక బొమ్మలుగా మార్చి వేశారు. మనసొప్పక, సొంత ఖర్చుతో పెద్ద సైజులో అసలు ఫోటోలతోనే పుస్తకం వేయించింది. డబ్బులు మిగిలినట్టు కనపడదు. కాఫీ తోటలు దెబ్బతిని, ఫోటోలు అమ్ముకుని ఇల్లు నిలబెడదామనే ఆశ కూడా ఆవిడకుండేది. అందుకే 500 పైచిలుకు ఫోటోలకి కాపీరైటు నమోదు చేయించింది. పేరున్నవాళ్లతో ప్రింట్ల మీద సంతకాలు పెట్టించుకుంది, ధర పెరుగుతుందని. ఇంకోవైపు అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ ఊరికే పంచిపెట్టేది.

పొగిడినవాళ్లున్నారు. బెర్లిన్‌లో 1866లో బంగారు పతకం వచ్చింది. లండన్‌లో సౌత్ కెన్సింగ్టన్ మ్యూజియం వాళ్లు, అంటే ఇప్పటి విక్టోరియా అండ్ ఆల్బర్ట్, 1865లోనే ఫోటోలు కొన్నారు, 1868లో స్టూడియోకని రెండు గదులిచ్చారు. కానీ ఫోటోగ్రాఫర్ల సంఘాల పత్రికలు మాత్రం ఏకిపారేశాయి. ఫోకస్ సరిగ్గా లేదు, పలక మీద గీతలున్నాయి, వేలిముద్రలున్నాయి, ఈవిడకి పని రాదు అన్నారు. గీతలూ వేలిముద్రలూ ఉన్న మాట నిజమే. వాటిలో కొన్ని తొందరలో జరిగినవే, అన్నీ కావాలని చేసినవని వెనకేసుకురావడం నాకిష్టం లేదు. ఫోకస్ సంగతి వేరు. లెన్సు తిప్పుతూ ఉండగా ముఖం ఎక్కడ అందంగా కనపడిందో అక్కడ ఆపేసేది. ఇంకా తిప్పితే వెంట్రుక వెంట్రుకా కనపడుతుంది, మగవాళ్లందరూ అదే చేస్తున్నారు. ఈవిడ అక్కర్లేదనుకుంది. ఎంత తిట్టినా ప్రదర్శనలకి పంపడం మానలేదు. నాకు ఆవిడలో బాగా నచ్చింది ఈ మొండితనం.

నచ్చనిదీ ఒకటుంది. ఆవిడ ఫోటోల్లో మగవాళ్లు ఎవరి పేరుతో వాళ్లున్నారు: టెన్నిసన్, హెర్షెల్, డార్విన్. ఆడవాళ్లు చాలావరకు వేషాల్లో ఉన్నారు: మరియమాత, జూలియట్, విచారం, సంధ్య. అందులో ఎక్కువమంది ఇంట్లో పనిచేసే అమ్మాయిలు. మేరీ హిల్లియర్ ఏళ్ల తరబడి ఇంటి పనీ చేసింది, మరియమాతగా కూర్చునీ కూర్చునీ ఊళ్లోవాళ్లతో మేరీ మడోన్నా అనీ పిలిపించుకుంది. డార్విన్ కాదనగలడు, కుర్చీలోంచి లేచిపోగలడు. జీతానికున్న అమ్మాయి కాదనగలదా? అలాగని ఆ అమ్మాయి ముఖాన్ని అంత గౌరవంగా చూసిన కెమెరా ఆ కాలంలో ఇంకెక్కడుంది? ఈ రెండు ప్రశ్నల మధ్య నేను ఇంకా ఎటూ తేల్చుకోలేదు.

మేరీ ర్యాన్ కథ సినిమాలా ఉంటుంది. ముష్టెత్తుకునే ఐరిష్ తల్లితో పాటు లండన్ పొలిమేరలో కామెరాన్ కంటపడిన పిల్ల. తెచ్చి పెంచి, చదివించి, తర్వాత పనిమనిషిగా పెట్టుకుంది. 1865లో లండన్ ప్రదర్శనలో హెన్రీ కాటన్ అనే యువకుడు ఆ అమ్మాయి ఫోటోలు చూశాడు. అమ్మకాల బల్ల దగ్గర ఆ అమ్మాయే ఉంది. తను కొన్న ఫోటోకి ఆమె చేత్తో రాసిచ్చిన రసీదు దాచుకున్నాడు. 1867లో పెళ్లి చేసుకున్నాడు. వాళ్లిద్దరినీ రోమియో జూలియట్లుగా కూర్చోబెట్టి కామెరాన్ ఫోటో కూడా తీసింది. ఈ కాటన్ ఐసీఎస్ అధికారిగా మన దేశానికొచ్చాడు, భారతీయుల పక్షాన మాట్లాడి పై అధికారుల కోపానికి గురయ్యాడు, 1904లో బొంబాయి కాంగ్రెస్ సభకి అధ్యక్షుడయ్యాడు. హిస్టరీ వాళ్లకి ఆయన పేరు తెలుసు. ఆయన భార్య ముఖం చూడాలంటే కామెరాన్ ఫోటోలే చూడాలి.

ఆడవాళ్లలో వేషం లేకుండా తీసింది ముఖ్యంగా మేనకోడలు జూలియా జాక్సన్‌ని. పేరు ఈవిడదే. 1867లో తీసిన ఫోటోలో ఆ అమ్మాయి సూటిగా మన వైపు చూస్తుంది. ముఖం సగం వెలుగులో, సగం చీకట్లో. మెడ నరం కూడా కనపడుతుంది. శాలువా లేదు, పాత్ర లేదు. ఈ అమ్మాయే తర్వాత వర్జీనియా ఉల్ఫ్‌కి తల్లి. ఇంగ్లీషు క్లాసులో ఉల్ఫ్ చదువుతున్నవాళ్లు ఈ ఫోటో ఒకసారి వెతికి చూడండి. కామెరాన్ ఫోటోలు జనం మరిచిపోయాక 1926లో ఉల్ఫ్ వాటిని మళ్లీ పుస్తకంగా వేయించి ముందుమాట రాసింది.

1875లో భార్యాభర్తలు ఉన్నదంతా సర్దుకుని సిలోన్‌కి బయల్దేరారు. ఆయనకి ఆ దీవి అంటే ప్రాణం, పైగా కొడుకులు అక్కడే తోటల్లో ఉన్నారు. ఒక ఆవుని వెంట తీసుకెళ్లారు. చనిపోతే అక్కడ దొరుకుతాయో దొరకవోనని రెండు శవపేటికలు కూడా, ఖాళీగా పోనివ్వడమెందుకని వాటినిండా గాజు, పింగాణీ సామాను సర్ది మరీ తీసుకెళ్లారు.

ఆ వేడిలో తడి పలకల పని చాలా కష్టం. అయినా మానలేదు. 1877లో మొక్కల బొమ్మలు వేసే మరియాన్ నార్త్ అనే ఇంగ్లీషావిడ కాలుతుర వెళ్లి వాళ్లింట్లో దిగింది. ఆవిడకి ఉన్ని శాలువాలు చుట్టి, జుట్టు విరబోయించి, కొబ్బరి మట్టలు నెత్తిన గుచ్చుకునేటట్టు నిలబెట్టి, మిట్టమధ్యాహ్నం 96 డిగ్రీల ఎండలో సహజంగా ఉండమన్నదట కామెరాన్! ఆ పాట్లు నార్త్ తర్వాత నవ్వుకుంటూ రాసింది. ఏం లాభం, ఫోటోలు సరిగ్గా రాలేదు.

నార్త్ రాసిన ఇంకో సంగతి ఉంది. అక్కడ ఒక మనిషి వీపు కామెరాన్‌కి ఎంతో అందంగా కనపడింది. ఇతన్ని తోటమాలిగా పెట్టుకోమని కొడుకుని పట్టుబట్టింది. ఇంటికి తోట లేదు. ఆ మనిషికి తోటమాలి అంటే ఏమిటో తెలియదు. అయినా పెట్టుకున్నారు.

సిలోన్‌లో తీసినవి ముప్పైకి లోపే మిగిలాయి. చాలావాటిలో ఉన్నది తోటల్లో, ఇళ్లల్లో పనిచేసే వాళ్లు. కాఫీ తోటల్లో పనికి సముద్రం దాటి వెళ్లిన తమిళులు ఆ రోజుల్లో అక్కడ వేలల్లో ఉన్నారు. ఒక ఫోటోలో ఒకమ్మాయి చేతులు కట్టుకుని నిలబడి ఉంటుంది. జూలియా జాక్సన్ లాగానే కెమెరా వైపు సూటిగా చూస్తుంది. ఎవరి వేషమూ వెయ్యలేదు. పేరు మాత్రం ఎవరూ రాసి పెట్టలేదు.

1879 జనవరి 26న డికోయా లోయలో కొడుకు తోటలో కామెరాన్ చనిపోయింది. బొగవంతలావలో సెయింట్ మేరీ చర్చి ఆవరణలో సమాధి చేశారు. మరుసటి ఏడు చార్లెస్‌ని కూడా అక్కడే పక్కన పెట్టారు.